డిమెన్షియా రీసెర్చ్ ప్యానెల్‌లో నాన్నా నేనూ చేరాం, ఎలా ఉందంటే (రివ్యూ)

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు కోసేశానో కింద రాశా, ఓపికుంటే చదవండి. ప్యానెల్ పేరు మాత్రం రాయను, చిన్న గ్రూప్ అది, పేరు రాస్తే మాతో కూర్చునేవాళ్లెవరో తెలిసినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, వాళ్లలో కొందరు తమకి డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఉందని చుట్టాలకి కూడా చెప్పుకోలేదు.

ఇదేంటో తెలియనివాళ్ల కోసం. డిమెన్షియా మీద రీసెర్చ్ చేసే టీమ్‌లు స్టడీ మొదలుపెట్టేముందు, ఆ జబ్బున్నవాళ్లనీ ఇంట్లో వాళ్లని చూసుకునేవాళ్లనీ కూర్చోబెట్టి "మేం ఇలా చేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు" అని అడిగే గ్రూప్ అన్నమాట. ఇక్కడ మందులివ్వరు, రక్తం తియ్యరు, స్కాన్‌లుండవు. అవన్నీ ట్రయల్‌లో పార్టిసిపెంట్‌గా చేరితే, అది వేరే సంగతి. ఈ తేడా తెలియక మా తమ్ముడు "నాన్న మీద ప్రయోగాలు చేయిస్తావా అక్కా" అని నాతో పెద్ద గొడవ, ప్రయోగం ఎలా చెయ్యాలో నాన్ననే అడుగుతున్నార్రా బాబూ అంటే అప్పుడు తగ్గాడు.

కొత్త ఐడియా ఏం కాదిది. బ్రిటన్‌లో తర్వాత ఇన్వాల్వ్ అని పేరు పెట్టుకున్న గ్రూప్ 1996లోనే మొదలైంది, రీసెర్చ్‌లో మామూలు జనాన్ని కలుపుకోడానికి. కానీ డిమెన్షియా దగ్గరికొచ్చేసరికి చాలాకాలం పేషెంట్‌ని పక్కన కూర్చోబెట్టి వాళ్ల భార్యనో కొడుకునో అడిగి సరిపెట్టేసేవాళ్లు, మతిమరుపు మనిషి ఏం చెప్తాడులే అని. స్కాట్లండ్‌లో 2002లో జబ్బున్నవాళ్లే సొంతంగా ఒక వర్కింగ్ గ్రూప్ పెట్టుకున్నారు, యూరప్ స్థాయిలో 2012లో ఇంకోటి వచ్చింది, 2014లో డిమెన్షియా అలయన్స్ ఇంటర్నేషనల్ అని పూర్తిగా డయాగ్నోసిస్ ఉన్నవాళ్లే నడుపుకునే సంస్థ వచ్చింది. అదే 2014లో ఆ స్కాట్లండ్ వాళ్లు, మమ్మల్ని రీసెర్చ్‌లో కలుపుకుంటే ఎలా కలుపుకోవాలో అని తామే సూత్రాలు రాసి జర్నల్‌లో వేయించారు. మా ప్యానెల్ కోఆర్డినేటర్ అవి బాగా చదివినట్టుంది, ఎందుకలా అంటున్నానో చెప్తా.

చేరడం తేలిక. ఫారం నింపానోలేదో ఫోన్ వచ్చింది, నాతో రెండు ముక్కలు మాట్లాడి "నాన్నగారికి ఇస్తారా" అంది కోఆర్డినేటర్ అమ్మాయి. ఇది రాయడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, డయాగ్నోసిస్ వచ్చినప్పట్నుంచీ డాక్టర్లు, బ్యాంకువాళ్లు, పెళ్లికి పిలవడానికొచ్చిన బంధువులు కూడా నాన్న ఎదురుగానే ఉన్నా నా మొహం చూసి మాట్లాడతారు, అలాంటిది ఒకళ్లు నేరుగా ఆయనతో మాట్లాడటం నాకే వింతగా అనిపించింది. నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. అల్జైమర్స్, మొదటి దశ దాటుతున్నారు, పొద్దున ఏం చేశారో మధ్యాహ్నానికి ఉండదు గానీ పాత స్టూడెంట్ల పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్తారు. ఫోన్‌లో ఆవిడకి కూడా ఒక లెక్క ఇచ్చారు.

ఒకసారి సంతకం పెట్టించుకుని వదిలెయ్యరు, అది బాగా నచ్చింది. ప్రతి మీటింగ్ మొదట్లో ఇదేంటి, ఎవరి కోసం, ఇష్టమేనా, మధ్యలో వెళ్లిపోవచ్చు అని మళ్లీ మొదట్నుంచీ చెప్పి అడుగుతారు. దీన్ని ప్రాసెస్ కన్సెంట్ అంటారట. నోటితో సరే అన్నా మొహం చికాగ్గా ఉంటే, లేచి అటూ ఇటూ తిరుగుతుంటే అది కూడా "వద్దు" కిందే లెక్క. ఒకరోజు నాన్న లోపలికి రానని భీష్మించుకుని కూర్చుంటే ఆ అమ్మాయి "సరే మాస్టారూ, మీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రండి" అని ఊరుకుంది, నేను బతిమాలబోతే నన్నే ఆపింది.

మీటింగ్‌లు పొద్దున పూటే పెడతారు, సాయంత్రం అయ్యేకొద్దీ చాలామందికి గందరగోళం పెరుగుతుంది కాబట్టి. గంటన్నర, మధ్యలో బ్రేక్. ఒక మీటింగ్‌లో ఒకటే విషయం. కాగితం మీద పెద్ద అక్షరాలు, ఒక పేజీ దాటదు, పైన ఈరోజు అడిగే ప్రశ్న ఒక్కటే లావుగా రాసి ఉంటుంది, నాన్న మాట మాట్లాడుతూ దారి తప్పితే ఆ పేజీ చూసి మళ్లీ వెనక్కొస్తారు. మాట్లాడాలనిపిస్తే ఎత్తడానికి ఒక రంగు కార్డు ఇస్తారు, దాన్ని ఎత్తితే మిగతావాళ్లంతా ఆగాలి, ప్రొఫెసర్ గారైనా సరే. ఎందుకంటే వీళ్లకి మాట వచ్చేలోపు మనం మూడు టాపిక్‌లు దాటిపోతాం, ఆ తర్వాత ఏం చెప్పాలనుకున్నారో ఉండదు. జూమ్ మీటింగ్ మాత్రం దండగ, మా నాన్నకి ఆ డబ్బాల్లో ఏ డబ్బా మాట్లాడుతోందో అర్థం కాలేదు, వినపడేదెక్కడ్నుంచో చూడ్డంతోనే సరిపోయింది. చూసుకునేవాళ్లకి జూమ్ హాయి, జబ్బున్నవాళ్లకి ఎదురుగా కూర్చోవడం హాయి, రెండూ పెట్టమని రాసిచ్చాం, పెట్టారు.

ఇక అసలు విషయం. ఒక టీమ్ లొకేషన్ ట్రాకర్ వాచీ మీద స్టడీ ప్లాన్ చేసుకుని వచ్చింది. మనిషి బయటికెళ్తే కూతురి ఫోన్‌లో మ్యాప్ మీద చుక్క కనపడుతుంది, దీనివల్ల ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గుతుందా అని కొలవాలని వాళ్ల ప్లాన్. ఇక్కడ ప్యానెల్ ఒక మంచి పని చేస్తుంది, మొదట అందర్నీ కలిపి కూర్చోబెట్టి విషయం చెప్పి తర్వాత రెండు గదులుగా విడగొడుతుంది, జబ్బున్నవాళ్లు ఒకచోట, చూసుకునేవాళ్లు ఒకచోట. మా గదిలో చర్చ ఐదు నిమిషాల్లో అయిపోయింది, అందరూ ఎస్, ఇవాళే ఇచ్చెయ్యండి అన్నారు, నేనైతే ధర కూడా అడిగేశా. అవతల గదిలో మాత్రం పెద్ద రభస. తర్వాత అందరం కలిశాక నోట్స్ చదివారు, ఎవరేమన్నారో పేర్లు చెప్పరు గానీ ఆ మాటతీరు నాకు తెలీకపోతే కదా, "నేను తప్పిపోయినప్పుడు నన్ను వెతకడానికి వాచీ కావాలి, సరే. నేను తప్పిపోనప్పుడు కూడా నేనెక్కడున్నానో మా అమ్మాయికెందుకు?"

నాకు కోపమొచ్చింది, నిజంగా. రాత్రి పూట గేటు తీసి ఉంటే పరిగెత్తేది నేను కదా. ఇప్పటికీ వాచీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలనే నా అభిప్రాయం, మారలేదు. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, రీసెర్చ్ టీమ్ దగ్గరా లేదు. ఒకే గదిలో ఉండుంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు, నేనే "నాన్నకి ఓకే అండీ" అని చెప్పేసి ఉండేదాన్ని, మనం అందరం చేసేదదే. ఆ టీమ్ స్టడీని మార్చింది. ఎంతసేపు బయట ఉంటానో మనిషే చెప్తాడు, ఆ టైమ్ దాటితేనో, తనే బటన్ నొక్కితేనో చుక్క కనపడుతుంది. ఇంట్లోవాళ్ల టెన్షన్‌తో పాటు వాచీ కట్టుకున్నవాళ్లకి స్వేచ్ఛగా అనిపించిందా లేదా అన్నది కూడా కొలుస్తారు, అది ఆ మనిషినే విడిగా అడిగి. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్, అల్జైమర్స్ సొసైటీ కలిసి 2013లో డిమెన్షియా రీసెర్చ్‌లో ముందుగా ఏం తేల్చాలో జబ్బున్నవాళ్లనీ కుటుంబాల్నీ డాక్టర్లనీ అడిగితే, టాప్ టెన్‌లో మొదట నిలిచిన ప్రశ్న మందు గురించి కాదు, ఏ దశలోనైనా మనిషి వీలైనంత సొంతంగా బతకాలంటే ఎలాంటి సంరక్షణ పనిచేస్తుందీ అని. ఆ రోజు నాన్న గదిలో జరిగిన గొడవ కూడా సరిగ్గా దాని గురించే.

ఇంకో మీటింగ్‌లో మందుల ట్రయల్‌కి రాసిన కరపత్రం మా ముందు పెట్టారు, అర్థమవుతోందా లేదా చెప్పమని. అందులో లెకానెమాబ్ అనే అల్జైమర్స్ మందు ఉదాహరణ ఇచ్చి, పాత స్టడీలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది అని రాశారు. నాన్న కార్డు ఎత్తారు. "దేనిలో 27?" అన్నారు. వచ్చిన డాక్టర్ చాలా ఓపికమంతుడు, బోర్డు మీద రాసి చూపించాడు, ఆ స్టడీలో 1,795 మంది, 18 నెలలు, ఆరు అంశాలకి ఒక్కోదానికి 3 మార్కుల చొప్పున 18 మార్కుల స్కేలు, ఎంత ఎక్కువైతే అంత ముదిరినట్టు. మందు లేని ఉత్త డ్రిప్ ఎక్కించుకున్నవాళ్లు 1.66 పెరిగారు, మందు తీసుకున్నవాళ్లు 1.21, తేడా 0.45, అది 1.66లో 27 శాతం. నాన్న కాగితం మీద చాలాసేపు గీసుకుని "18లో అయితే రెండున్నర శాతం" అన్నారు. రెండూ కరెక్టే అండీ అన్నాడు డాక్టర్. "రెండూ కరెక్ట్ అయితే రెండూ రాయండి" అన్నారు నాన్న, క్లాసులో చెప్పినట్టే.

కరపత్రంలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. దాంతోపాటు చూసుకునేవాళ్లు అడిగినవి కూడా చేరాయి, రెండు వారాలకోసారి డ్రిప్ ఎక్కించుకోవాలి, మధ్యమధ్యలో ఎమ్మారై తీయించుకోవాలి, ఆ స్టడీలో మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనపడింది, ఉత్త డ్రిప్‌వాళ్లలో 1.7 శాతం. వాపు వచ్చినవాళ్లలో చాలామందికి లక్షణాలేం తెలియలేదట, అది కూడా రాయమన్నాం, ఊరికే భయపెట్టడం కూడా తప్పే కదా. నెలకి రెండుసార్లు ఎవరు తీసుకెళ్తారు, ఆ రోజు ఉద్యోగానికి సెలవు ఎవరు పెడతారు అన్నది సైంటిస్టుల లిస్టులో లేనే లేదు, మా లిస్టులో మొదటిది అదే. ఇలాంటి ట్రయల్స్‌లో చాలావాటికి స్టడీ పార్టనర్ అని ఒక దగ్గరి మనిషి తప్పనిసరి, మరి ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల సంగతేంటి అని మా ప్యానెల్‌లో ఒక పెద్దావిడ అడిగింది, అందరూ తలలూపారు, ఎవరూ ఏమీ తేల్చలేదు.

చూసుకునేవాళ్లం ఊరికే పక్కన కూర్చునే వాళ్లమని అనుకోకండి. పైన చెప్పిన 18 మార్కుల స్కేలు కూడా పేషెంట్‌ని ఒకపక్క, ఇంట్లోవాళ్లని ఒకపక్క ఇంటర్వ్యూ చేసి వేసేదే, అంటే నేను ఆ రోజు విసుగ్గా ఉండి ఏదో చెప్తే అదీ మార్కుల్లోకి వెళ్తుంది. మన హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్ల మీద చేసి 2013లో వేసిన స్టడీ చాలామంది వినే ఉంటారు, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒకటే భాష వచ్చినవాళ్లకంటే జబ్బు నాలుగున్నరేళ్లు లేటుగా మొదలైందని. ఆ "మొదలైంది" అన్న వయసు ఎక్కడ్నుంచి వచ్చిందంటే, మొదటి లక్షణం ఎప్పుడు చూశారో ఇంట్లోవాళ్లు చెప్పిందే. ప్రపంచమంతా కోట్ చేసే నంబర్ కింద ఎవరో కోడళ్లూ కొడుకులూ గుర్తుచేసుకుని చెప్పిన మాటలున్నాయి. ఇది తెలిశాక డాక్టర్ దగ్గర "ఏమో అండీ, రెండు మూడేళ్లయిందేమో" అని గాల్లో చెప్పడం మానేశా, డైరీ రాస్తున్నా.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి, అందరికీ అదే డౌట్. వచ్చినందుకు ఇద్దరికీ విడివిడిగా ఇస్తారు, దారిఖర్చులు వేరే, ఇంట్లో ఇంకెవరినైనా చూసుకోడానికి మనిషిని పెట్టుకోవాల్సొస్తే అది కూడా. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం ఇంట్లో చూసుకునేవాళ్లు సగటున రోజుకి 5 గంటలు దీనికే పెడుతున్నారు, ఆ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవి. అలాంటివాళ్లని ఊరికే వచ్చి సలహాలిచ్చిపొమ్మంటే వచ్చేది తీరికున్నవాళ్లే, అప్పుడు ప్యానెల్‌లో తీరికున్నవాళ్ల అభిప్రాయాలే ఉంటాయి. నాన్న మొదటి కవర్ చేతికి తీసుకున్నప్పుడు "ఫీజా" అన్నారు, చాలా సీరియస్‌గా.

ఇక కోతలు. ఒక మార్కు దేనికంటే, మేం చెప్పింది ఏమైందో తెలీదు. వాచీ టీమ్, కరపత్రం డాక్టర్ మళ్లీ వచ్చి చూపించారు కాబట్టి తెలిసింది. మిగతా టీమ్‌లు వచ్చాయి, థాంక్యూ అన్నాయి, ఫోటో తీసుకున్నాయి, అంతే, నీళ్లలో రాయి వేసినట్టు. ఒక టీమ్ అయితే ఎథిక్స్ అప్రూవల్ (స్టడీ చెయ్యొచ్చని ఎథిక్స్ కమిటీ ఇచ్చే అనుమతి) అయిపోయాక వచ్చింది, ప్రశ్నాపత్రం చాలా పొడుగుంది సగం తియ్యండి అంటే ఇప్పుడు మార్చడం కుదరదండీ అన్నారు. మరి మమ్మల్ని పిలిచిందెందుకు? గ్రాంట్ ఫారంలో ఒక గడి నింపడానికి. మెడికల్ రీసెర్చ్ ఎథిక్స్‌కి మూలమైన హెల్సింకీ డిక్లరేషన్‌ని 2024లో సవరించినప్పుడు, పార్టిసిపెంట్లతో, వాళ్ల సమాజంతో రీసెర్చ్‌కి ముందు, జరుగుతున్నప్పుడు, అయ్యాక కూడా అర్థవంతంగా కలిసి పనిచెయ్యాలని పెట్టారు. రీసెర్చ్ పేపర్లలో జనాన్ని ఎలా కలుపుకున్నారో రాయడానికి గ్రిప్2 అని చెక్‌లిస్ట్ 2017 నుంచే ఉంది. వాళ్లూ వాళ్లూ రాసుకునే చోట ఇంత పద్ధతి పెట్టుకున్నవాళ్లు మాకు ఒక పేజీ ఉత్తరం రాయలేరా? మీరు ఇది చెప్పారు, మేం ఇది మార్చాం, ఇది మార్చలేకపోయాం ఇందుకు, చాలు. నాన్నకి ఆ మీటింగ్ గుర్తుండకపోవచ్చు, కానీ తన మాట వల్ల ఏదో మారిందని కాగితం మీద చూస్తే ఆ రోజంతా హుషారుగా ఉంటారు, కరపత్రం వచ్చినప్పుడు నేను కళ్లారా చూశా.

అర మార్కు దేనికంటే, ముదిరిన దశలో ఉన్నవాళ్లు ఆ గదిలో లేరు. మాట పోయినవాళ్లు, మంచం పట్టినవాళ్లు, వాళ్ల తరఫున వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా రాలేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం సొంతంగా ఒప్పుకోలేని మనిషిని స్టడీలో చేర్చాలంటే, ఆ మనిషికి ఇష్టముండేదా లేదా అని దగ్గరివాళ్లనో మరొకర్నో సంప్రదించాలి, మనిషి వద్దన్నట్టు కనిపిస్తే ఆపెయ్యాలి. అది స్టడీలో చేర్చుకోడానికి. సలహా ఇచ్చే దగ్గర వాళ్లని ఎలా కలుపుకోవాలో మా ప్యానెల్ ఇంకా ఆలోచించలేదు. కేర్ హోమ్‌కి మనమే వెళ్లి కూర్చుని, ఏది పెడితే చెయ్యి చాపుతున్నారు, దేనికి మొహం తిప్పుకుంటున్నారు అని చూడొచ్చు కదా అని ఒకాయన అన్నాడు, ఆయన భార్య ఆ దశలోనే ఉంది. రాసుకున్నారు. చూద్దాం. నాన్న కూడా రేపు ఆ దశకి వస్తారు కాబట్టి ఇది నాకు అర మార్కు కంటే పెద్ద విషయమే, కానీ ప్యానెల్ చేతిలో ఉన్నదాని మీదే మార్కులు వెయ్యాలి.

ఆయన రాలేనప్పుడు నేను రావచ్చా అని అడిగా. రావచ్చు, కానీ మీ అభిప్రాయం చెప్పడానికి, నాన్నగారి అభిప్రాయం చెప్పడానికి కాదు అన్నారు. ఆ జవాబు నచ్చింది.

ఎవరికి పనికొస్తుందంటే, డయాగ్నోసిస్ వచ్చి కాస్త కుదురుకున్నవాళ్లకి. నిన్నగాక మొన్న తెలిసినవాళ్లు కొంచెం ఆగండి, ఎదురుగా పక్క మనిషిలో రేపటి మనల్ని చూసుకోవడం అందరి వల్లా కాదు, ఒకావిడ మొదటిరోజే ఏడ్చేసి వెళ్లిపోయింది. ట్రీట్‌మెంట్ దొరుకుతుందేమో అని చేరేవాళ్లకి ఇది కాదు, ట్రయల్ కావాలంటే దానికి వేరే రిజిస్టర్లుంటాయి, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి జాయిన్ డిమెన్షియా రీసెర్చ్ అని ఉంది, 2015లో మొదలైంది, 18 దాటినవాళ్లెవరైనా, జబ్బు లేకపోయినా పేరివ్వొచ్చు, మనకి సరిపోయే స్టడీలు ఉంటే కలుపుతారు. ప్యానెల్‌లో మాత్రం మీకు తిరిగొచ్చేది మాట్లాడే చోటు, నాలాంటి ఇంకో నలుగురు, అంతే. నాకది చాలా ఎక్కువే.

మీ దగ్గర ఇలాంటిదేదైనా కనపడితే చేరేముందు ఫోన్ చేసి, పోయినసారి ప్యానెల్ మాట విని ఏం మార్చారో ఒక్క ఉదాహరణ చెప్పమనండి, తడబడితే వదిలెయ్యండి. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారా, మీటింగ్ ఏ పూట, వచ్చే టీమ్ ఎథిక్స్‌కి ముందొస్తుందా తర్వాతా కనుక్కోండి. మాట్లాడినంతసేపూ మీతోనే మాట్లాడుతుంటే "ఆగండి, ఫోన్ మా నాన్నకిస్తున్నా" అని చేతిలో పెట్టెయ్యండి, అక్కడ్నుంచి వాళ్లేం చేస్తారో వినండి.